కర్ర మీద రెండో గంటు

సోమవారం పొద్దున నేను బావమరిది కొట్టుకు వెళ్ళేసరికి అతను పేర్లు పీకుతున్నాడు.

అతను టైలరు. మా ఫుట్‌బాల్ మైదానం వెనక గేటుకు ఎదురుగానే అతని కొట్టు. జెర్సీ కొనుక్కున్న అభిమానులు వీపు మీద తమకు నచ్చిన ఆటగాడి పేరు అతని చేతే కుట్టించుకుంటారు. ఆ ఏడు సీజను మొదట్లో కొత్తగా తెచ్చిన ఆటగాళ్ళ పేర్లు కుట్టి కుట్టి అతని వేళ్ళు వాచిపోయాయి. అయిదు నెలలు తిరిగేసరికి అవే జెర్సీలు, ఆ పేరు పీకెయ్యమని వెనక్కి వస్తున్నాయి. పీకిన అక్షరాలు మిషను పక్కన రేకు డబ్బాలో కుప్ప పడి ఉన్నాయి.

"బావా, పొద్దుట్నుంచి పదకొండు గువ్వలు ఎగిరిపోయాయి," అన్నాడు నన్ను చూసి.

గువ్వ అంటే కొత్తగా వచ్చినవాళ్ళలో మైదానం అంచు వెంబడి పరిగెత్తే కుర్రాడు. బొంగరం అని ఇంకొకడు, నడుమ ఆడతాడు, బంతితో గిర్రున తిరుగుతాడు. వీళ్ళిద్దరితో పాటు వెనక కాపు కాయడానికి మరొకణ్ణి తెచ్చారు. వాడికి ముద్దుపేరు పెట్టే ఓపిక కూడా ఎవరికీ లేకపోయింది. మూడోవాడు అంటారంతే.

నేను మైదానంలో గడ్డి పెంచేవాణ్ణి. ముప్పై ఎనిమిదేళ్ళుగా అదే పని. పొద్దున్నే నీళ్ళు పెట్టడం అయ్యాక బావమరిది కొట్లో మూల స్టూలు మీద కూర్చుని టీ తాగుతాను. మాట్లాడను. వినేవాడొకడు ఉంటే మాట్లాడేవాళ్ళకు హుషారు కాబట్టి నా స్టూలు ఎవరూ తీయరు.

ఆ ముగ్గురినీ ఎంచి తెచ్చింది నా కూతురు. ఊరూరా తిరిగి ఆటలు చూసి, ఎవరిని తెచ్చుకోవాలో క్లబ్బుకు చెప్పడం దాని ఉద్యోగం. అంతకుముందు మా క్లబ్బులో ఆడవాళ్ళెవరూ ఆ పని చేయలేదు. ఆ సంగతి నేను ఎవరి దగ్గరా చెప్పుకోలేదు. ఊరంతా తెలిసినదాన్ని మళ్ళీ చెప్పడమెందుకు.

నేను గ్లాసు అందుకుంటుండగా బస్సు డ్రైవరు లోపలికొచ్చాడు. మా గేటు ముందు ఆగే బస్సు అతనిదే. చంకలోంచి జెర్సీ తీసి బల్ల మీద కొట్టాడు.

"దీన్నీ పీకెయ్. బొంగరమట, బొంగరం! తాడు తెగిన బొంగరం."

"మొన్న దీన్ని కుట్టడం ఆలస్యమైందని నా మీద ఇంతెత్తున లేచావు గదయ్యా," అన్నాడు బావమరిది.

"నిన్న ఆట చూశావా? వాడు బంతి తన్నితే అది అత్తారింటికెళ్ళే కొత్తకోడలిలా ఆగి ఆగి వెళుతోంది. అసలు అనాల్సింది ప్రెసిడెంటుని. ఆయనకు బంతికీ గుమ్మడికాయకూ తేడా తెలీదు."

"ప్రెసిడెంటు సంతకం పెడతాడు, అంతే. తప్పు కోచ్‌ది. ఎంత మంచి గుడ్డయినా కత్తెర పట్టడం రానివాడికి ఇస్తే గోచీ కూడా రాదు."

"గుడ్డే చిరుగుదైతే కత్తెరేం చేస్తుంది? ముందు ఆ గుడ్డ ఎంచి తెచ్చినవాళ్ళను..." అని నా వైపు చూసి ఆగాడు. "పెద్దాయనా, ఏమీ అనుకోకు. నీ కూతురని అనడం లేదు."

"నా కూతురే," అన్నాను.

డ్రైవరు జేబులోంచి మడతపెట్టిన కాగితాలు తీశాడు. అవేమిటో నాకు ముందే తెలుసు. మా క్లబ్బులో సీజను టిక్కెట్టు తీసుకున్న ప్రతివాడూ సభ్యుడే. మూడు వందల సంతకాలతో ఏం అడిగినా ప్రెసిడెంటు సభ్యుల ముందు ఓటుకు పెట్టి తీరాలి. క్లబ్బు పుట్టిననాటి నియమం. ఎంచే పనిలోంచి నా కూతుర్ని తీసెయ్యాలని ఆ కాగితం. సమావేశం శుక్రవారం సాయంత్రం.

"రెండొందల ఎనభై అయ్యాయి," అని డ్రైవరు కాగితం బావమరిది ముందుకు జరిపాడు. "నువ్వూ పెట్టు."

"నేను దాని మేనమామనయ్యా!"

"అందుకే. నువ్వు పెడితే విలువ."

"నీ నోట్లో సూది గుచ్చ," అన్నాడు బావమరిది. డ్రైవరు నవ్వాడు గాని కాగితం వెనక్కి తీసుకోలేదు.

అప్పటిదాకా గుమ్మం దగ్గర కూర్చున్న పంతులమ్మ కళ్ళద్దాలు సర్దుకుంది. ఆవిడ లెక్కలు చెప్పి రిటైరైంది. ప్రతి మ్యాచ్‌నూ నోటుపుస్తకంలో రాసుకుంటుంది. మా ఊళ్ళో ఆట గురించి ఎవరు అబద్ధం చెప్పాలన్నా ముందు ఆవిడ ఉందేమో చూసుకుంటారు.

"ఒక్కమాట వినండి. గువ్వా బొంగరం కలిసి మన మైదానంలో ఏడు మ్యాచ్‌లు ఆడారు. వేసిన గోల్ ఒకటి. బయట ఊళ్ళలో ఏడు ఆడారు. తొమ్మిది గోల్స్."

"తొమ్మిదా?" అన్నాడు డ్రైవరు.

"మీరు మన మైదానంలో మ్యాచ్‌లే చూస్తారు. నేను అన్నీ రాస్తాను."

"ఇంట్లో పులి, వీధిలో పిల్లి అని విన్నాం గాని వీళ్ళది తిరగేసిన జాతకంలా ఉందే. మన ఈలలకు జడుస్తున్నారేమో."

"నీ ఈలకు నీ బస్సు కింది కుక్క కూడా లేవదు," అన్నాడు బావమరిది.

పంతులమ్మ పేజీ తిప్పింది. "ఇక్కడ ఆడినప్పుడు మాత్రమే 'పాస్ పొట్టిగా పడింది, ఎదుటివాడు అందుకున్నాడు' అని రాశాను. ముప్పై నాలుగు చోట్ల. బయట ఊళ్ళలో రెండే చోట్ల. అదే కాలు, అదే బంతి. ఎందుకో నాకు తేలడం లేదు."

గ్లాసు నా నోటి దగ్గరే ఆగిపోయింది.

నా దగ్గర ఒక కర్ర ఉంది. జానెడు పొడుగు. కింది కొనకు దగ్గర్లో చాకుతో కోసిన గంటు. నాకు పని నేర్పిన గురువు చేతికిచ్చింది. గడ్డిలో నిలబెడితే గడ్డి కొస సరిగ్గా గంటు దగ్గరికి రావాలి. మూడు వేళ్ళ ఎత్తు. ఆయన పోయాక కూడా నేను ఒక్కరోజు ఆ గంటు తప్పలేదు. మా గడ్డి చూడటానికి పక్క ఊళ్ళ నుంచి మనుషులు వచ్చేవారు.

కిందటి ఏడు కూతురు నన్ను బొంగరం ఆట చూపించడానికి వాడి ఊరు తీసుకెళ్ళింది. ఆట మొదలయ్యే ముందు నేను అలవాటు కొద్దీ కంచె కింద నుంచి చెయ్యి పెట్టి కర్ర నిలబెట్టాను. గడ్డి గంటుకు ఒక వేలి మందం కిందనే ఆగిపోయింది. "గొరిగిన తలలా ఉంది. వీళ్ళకు పని రాదు," అన్నాను. తిరుగు ప్రయాణమంతా నేను ఆ ఊరి గడ్డివాణ్ణి మనసులో తిట్టుకుంటూనే ఉన్నాను. కర్ర ఆ రోజే చెప్పింది. అది వాళ్ళ గురించి చెబుతోందనుకున్నాను.

గురువు ఆ గంటు పెట్టిన కాలంలో మాది పెద్ద ఒంటి మనుషుల జట్టు. బంతిని గాల్లోకి లేపి తలతో కొట్టేవాళ్ళు. నేల మీద చిన్న చిన్న పాస్‌లు ఆడే జట్లు వస్తే వాళ్ళ బంతి మా గడ్డిలో దిగబడేది. అందుకని పెట్టిన గంటు. ఆ మనుషులు పోయారు, ఆ ఆట పోయింది. గంటు మిగిలింది. ఆరేళ్ళ కిందట ఒక కోచ్ వచ్చి కొంచెం కిందికి కొయ్యమని అడిగాడు. నేను గడ్డి కోసే మిషను ఆపి తాళంచెవి ఆయన చేతిలో పెట్టి, "మీరే కొయ్యండి," అన్నాను. ఆయన తాళంచెవి సీటు మీద పెట్టి వెళ్ళిపోయాడు. తర్వాత వచ్చిన కోచ్‌లెవరూ నా దగ్గర గడ్డి ఊసెత్తలేదు. ప్రాక్టీసు ఊరి చివర ప్లాస్టిక్ గడ్డి మీద పెట్టుకుంటారు. మా గడ్డి మీదికి ఆట రోజునే వస్తారు.

గ్లాసు కింద పెట్టి లేచాను. "బావా, టీ తాగలేదే," అన్నాడు బావమరిది. డ్రైవరు తన మాటకే నేను లేచాననుకుని తల దించుకున్నాడు.

సాయంత్రం అన్నాల దగ్గర కూతురు ఎదురుగా కూర్చుంది.

"ఆ ఊళ్ళో గడ్డి పొట్టిగా ఉంది," అన్నాను.

దాని చెయ్యి కంచంలో ఆగింది. ఏ ఊళ్ళో అని అడగలేదు.

"నీకెప్పుడు తెలిసింది?"

"ఇక్కడ రెండో మ్యాచ్‌కి."

"చెప్పలేదేం?"

"కోచ్‌తో చెబితే ఆయన నీ దగ్గరకొస్తాడు. నువ్వు తాళంచెవి తీసి ఆయన చేతిలో పెడతావు." కంచం పక్కకు జరిపి, "తప్పు నాదే నాన్నా. కాళ్ళు చూశాను, కాళ్ళ కిందది చూడలేదు. అదీ, నీ కూతుర్నై ఉండి," అంది.

"శుక్రవారం ఉద్యోగం పోతే?"

"పోనీ. నీ గడ్డిని అడ్డం పెట్టుకుని నిలబెట్టుకోను."

పొగరు. అచ్చం నా పొగరే. కోపం రావలసింది గాని రాలేదు. ఛాతీ నిండినట్టయింది.

మా ఆవిడ గరిటె పట్టుకుని ఇద్దర్నీ చూసింది. "తండ్రీకూతుళ్ళిద్దరికీ కలిపి దేవుడు ఒక్క నాలుకే ఇచ్చాడు. అదీ పొరపాటున నాకు పెట్టాడు. ఎవరో ఒకరు ఆ జనానికి చెప్పి చావండి," అంది.

మంగళవారం తెల్లవారుతూనే మిషను పళ్ళు కిందికి దించాను. ముప్పై ఎనిమిదేళ్ళలో మొదటిసారి. ఎత్తు మార్చే మర తుప్పు పట్టి కదలలేదు. నూనె పోసి సుత్తితో కొట్టాల్సి వచ్చింది. గడ్డిని ఒక్కసారే కిందికి తెస్తే పసుపెక్కి చస్తుంది. మంగళవారం కొంత, ఒకరోజు ఊపిరి పీల్చుకోనిచ్చి గురువారం కొంత తీశాను. అదీ మైదానంలో సగమే, నడిమి గీత దాకా. రెండో సగాన్ని గంటు దగ్గరే ఉంచాను.

శుక్రవారం గ్యాలరీ కింద హాలు నిండిపోయింది. ముందు వరసలో కోచ్, అతని పక్కన నా కూతురు. వెన్ను నిటారుగా పెట్టి కూర్చుంది. డ్రైవరు కాగితం చదివాడు. మూడు వందల ఆరు సంతకాలు. చదివేటప్పుడు అతని గొంతు బస్సు దగ్గర ఉన్నంత గట్టిగా లేదు. ప్రెసిడెంటు చేతులు ఎత్తించే ముందు, ఎవరైనా మాట్లాడతారా అని అడిగాడు.

నేను లేచాను.

"ఒరేయ్, పెద్దాయనకు గొంతుందిరా!" అన్నాడెవడో వెనక నుంచి.

"బయటికి రండి," అన్నాను.

అందరూ వచ్చారు. ఇంకా ఎండ ఉంది. నేను ముందే నడిమి గీత దగ్గర బకెట్టు బోర్లించి, దాని మీదికి వాననీళ్ళ రేకు తూము ఒకటి వాల్చి ఉంచాను. పొడుగు గడ్డి వైపు తిప్పి, తూము పైనుంచి బంతి వదిలాను. అది జారి, గడ్డిలో పడి, దొర్లి ఆగింది. పంతులమ్మ అడుగులు వేసి కొలిచింది. పదకొండు. తూమును కోసిన వైపు తిప్పి మళ్ళీ వదిలాను. బంతి ఆగుతుందనుకున్న చోట ఆగలేదు. పద్దెనిమిది.

"ఇదేదో కనికట్టు. నేను వదులుతాను," అని డ్రైవరు వచ్చాడు. అతనికీ పదకొండు, పద్దెనిమిది. ఇంకోసారి వదిలాడు. బంతి వెనకే నడిచి వెళ్ళి, అది ఆగిన చోట వంగి గడ్డిని చేత్తో నిమిరాడు.

కర్ర తీసి అందరికీ చూపించాను.

"ఈ గంటు గాల్లో ఆడే మనుషుల కోసం పెట్టింది. ఆట మారింది. నేను మారలేదు. అడగొచ్చిన మనిషి చేతిలో తాళంచెవి పెట్టాను. గడ్డి పెంచీ పెంచీ నా బుద్ధే గడ్డి తింది. ఆ పిల్లలిద్దరూ మంచి ఆటగాళ్ళు. నా కూతురు సరిగ్గానే ఎంచింది. తీసెయ్యాలంటే నన్ను తీసెయ్యండి."

పుట్టి బుద్ధెరిగాక ఒక్క ఊపిరిలో అన్ని మాటలు ఎప్పుడూ అనలేదు. కర్రను జేబులో పెట్టుకుని నిలబడ్డాను.

జనంలోంచి కూతురు ముందుకొచ్చింది. నన్ను వెనకేసుకొస్తుందేమో అనుకున్నాను. రాలేదు.

"నాన్న చెప్పింది గడ్డి సంగతి. ఏ గడ్డి మీదికి తెస్తున్నానో చూసుకోవాల్సింది నేను. అది నా తప్పు. ఇక మూడోవాడు." అక్కడ ఆగింది. "ఆ మనిషి ఏ గడ్డి మీదైనా అంతే. ఒక్క ఆట చూసి, మురిసిపోయి తెచ్చాను. అది ముమ్మాటికీ నా తప్పు. ఇంకెప్పుడూ మూడు ఆటలు చూడకుండా ఎవరి పేరూ చెప్పను."

తల దించకుండా అంది. ఎవరి కళ్ళలోంచీ చూపు తిప్పుకోకుండా. అంతమందిలో దాని పక్కన నిలబడటానికి నేనే వెన్ను నిటారుగా సర్దుకోవాల్సి వచ్చింది.

"ఈ మాట ముందే అనుంటే నేను మూడొందల ఇళ్ళు ఎందుకు తిరుగుతానమ్మా!" అన్నాడు డ్రైవరు. జనం గొల్లుమన్నారు.

అప్పుడు కోచ్ గొంతు సవరించుకుని, తను ఒక్కసారైనా ఇక్కడ ప్రాక్టీసు పెట్టాల్సిందన్నాడు. పెట్టనివ్వనిది తనేనని, గడ్డి పాడవుతుందని తనే వద్దన్నానని ప్రెసిడెంటు అన్నాడు. గోల్స్ తేడా ముందే చెప్పాల్సింది తానేనని పంతులమ్మ అంది, లెక్క చేతిలో పెట్టుకుని చూడలేకపోయానని. అయిదు నెలలు నీదంటే నీదని కొట్టుకున్నవాళ్ళు ఇప్పుడు నాదంటే నాదని తోసుకున్నారు.

"నాదేం లేదు సుమా," అన్నాడు బావమరిది. "నేను చెప్పినవి కుట్టాను, చెప్పినవి పీకాను."

నియమం నియమమే కాబట్టి ప్రెసిడెంటు అక్కడే గడ్డి మీద చేతులు ఎత్తమన్నాడు. నా కూతుర్ని తీసెయ్యాలని చెయ్యెత్తింది నలుగురు. వాళ్ళలో ఒకతను మూడోవాడి జెర్సీ కొనుక్కున్నవాడు. అతని కడుపుమంట నాకు అర్థమైంది. డ్రైవరు రెండు చేతులూ ప్యాంటు జేబుల్లో పెట్టుకుని ఆకాశం చూశాడు.

"మరి నా సంగతి?" అన్నాను ప్రెసిడెంటుతో.

ఆయన పొడుగు గడ్డి వైపు చూశాడు. "ఆ సగం ఎప్పటికి అవుతుంది?"

"ఎల్లుండి ఆట బయట ఊళ్ళో గదా. పై ఆదివారం ఇక్కడి ఆటకు ముందే."

"అయితే వెళ్ళి మిషను చూసుకో," అన్నాడు.

శనివారం నా స్టూలు మీద నేను కూర్చున్నాను. డ్రైవరు వచ్చి జెర్సీని బల్ల మీద పెట్టాడు. ఈసారి కొట్టలేదు.

"ఆ పేరు మళ్ళీ కుట్టు."

"తాడు తెగిందన్నావు?" అన్నాడు బావమరిది.

"తాడు బాగానే ఉందట. నేలదట తప్పు."

"నేల ఎవరిదో?"

ఇద్దరూ నా వైపు తిరిగారు.

"నాదే," అన్నాను. బావమరిది రేకు డబ్బా బోర్లించి అక్షరాలు వెతకడం మొదలుపెట్టాడు. పదకొండు గువ్వలూ బొంగరాలూ కలిసిపోయి ఏది ఎవరిదో తెలియకుండా ఉన్నాయి. చివరికి డ్రైవరు వీపు మీద ఒక అక్షరం మిగతావాటి కంటే కొంచెం పెద్దదిగా పడింది. అతను అద్దంలో చూసుకోలేడు కాబట్టి ఎవరమూ చెప్పలేదు.

మరుసటి వారం ఆదివారం పొద్దున మిషను గది ముందు కూతురికి కర్రా చాకూ ఇచ్చాను.

"రెండో గంటు నువ్వు పెట్టు."

"నేనా? నీ కర్ర నాన్నా ఇది."

"ఎవరు ఎలా ఆడతారో నీకు తెలుసు. ఎంత ఎత్తో నువ్వు చెబితే నేను పెంచుతాను."

అది మోకాళ్ళ మీద కూర్చుని, కర్ర గడ్డిలో నిలబెట్టి, చాలాసేపు చూసి కోసింది. గురువు పెట్టిన గంటుకు ఒక వేలి మందం కింద. కొంచెం వంకరగా వచ్చింది. సరిచేయడానికి చెయ్యి చాపి, మళ్ళీ వెనక్కి తీసుకున్నాను.

ఆ మధ్యాహ్నం బొంగరం నడుమన బంతి అందుకుని గిర్రున తిరిగి అంచుకు తన్నాడు. బంతి గడ్డి మీద బారుగా వెళ్ళి, గువ్వ కాలి ముందు పడింది. అతను ఆగకుండానే గోల్‌లోకి కొట్టాడు. గ్యాలరీ లేచి నిలబడింది. నేను బంతి వెళ్ళిన దారినే చూస్తున్నాను. గడ్డి ఒత్తుకుని, మెల్లగా మళ్ళీ లేస్తోంది.

ఆట చెరి రెండు గోల్స్‌తో సమం అయింది. నున్నటి గడ్డి ఎదుటివాళ్ళకూ నున్నగానే ఉంటుంది కదా. విజిలు పడగానే డ్రైవరు గొంతు గ్యాలరీ చివరి దాకా వినబడింది. "ఆ రెండో గోల్ తప్పంతా గోల్‌కీపర్‌దే! వాణ్ణి తెచ్చిందెవరు?"

"వాడు ఇక్కడే పుట్టాడయ్యా! వాళ్ళమ్మ తెచ్చింది!" అని బావమరిది అరిచాడు.

మిషను గది గుమ్మంలో కూతురు నా పక్కనే నిలబడి నవ్వుతోంది. కర్ర ఇంకా దాని చేతిలోనే ఉంది.

"నువ్వేమంటావు నాన్నా? తప్పు ఎవరిది?"

"ఈ ఏటికి నా మాటలైపోయాయి," అన్నాను.